కొత్త ఇంజను, ముందు సీటు

ఆదివారం పొద్దున హైటెక్ సిటీ వైపు వెళ్లి చూడండి. వారమంతా బండి మీద బండి ఎక్కినట్టుండే రోడ్లు ఆ పూట ఊడ్చి నీళ్లు చల్లిన వాకిళ్లలా ఉంటాయి. ఎవరూ లేకపోయినా సిగ్నళ్లు ఎర్రబడి, పచ్చబడి, తమ పని తాము చేసుకుంటాయి. ఎండ ఒక అద్దాల భవనం మీద పడి, అక్కడినుంచి ఎదుటి భవనం మీదకు దూకి, మెల్లగా రోడ్డు మీదకు జారుతుంది. కాసేపటికి తూర్పు ఎటో కూడా తెలియదు. చాలా ఏళ్లుగా నేను అక్కడే ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. కానీ ఆ చోటు అందంగా ఉంటుందని నాకు చూపించింది మా అత్తమ్మ.

ఆమె చూపించింది ఒక పాత అంబాసిడర్ కిటికీలోంచి. అది మా మామగారి కారు. ఆయన గోదావరి వైపు నుంచి ప్రభుత్వోద్యోగం మీద హైదరాబాద్ వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే పోయారు. తెల్లటి కారు, గుండ్రటి కారు, ఎంత తుడిచినా ఎక్కడో ఒకచోట దుమ్ము మిగిలిపోయే కారు. గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది కాబట్టి ముందు సీటు సోఫాలా ఒకటే పొడుగ్గా ఉండేది. ముగ్గురం హాయిగా పట్టేవాళ్లం. మామగారు ఉన్న రోజుల్లో ఆయన నడిపితే, చిన్నప్పటి మా ఆయన మధ్యలో, అత్తమ్మ కిటికీ పక్కన. ఆయన పోయాక మా ఆయన స్టీరింగ్ ముందుకు వచ్చాడు, మధ్యలోకి నేను చేరాను, అత్తమ్మ మాత్రం ఆ కిటికీ పక్కనే. ఆమె కూర్చునే చోట సీటు కాస్త కుంగింది కూడా.

నిజాంపేటలో మా అపార్ట్‌మెంటు నుంచి బయల్దేరి, మెల్లగా, ఎవరో వెనకనుంచి లైట్లు కొట్టి దాటిపోతున్నా పట్టించుకోకుండా వెళ్లేవాళ్లం. ఇంజను కింద ఎక్కడో గుడగుడమంటూ ఉండేది. ఆ చప్పుడుకు, తెరిచిన కిటికీలోంచి వచ్చే గాలికి, మధ్యలో కూర్చున్న నాకు సగం నిద్ర పట్టేది. సగం కళ్లు తెరిస్తే పక్కన నిలువెత్తు అద్దాల్లో మేఘాలు నడుస్తూ ఉండేవి. ఆ మేఘాల కింద తెల్లటి కారొకటి మాతోపాటే వచ్చేది. ఒక భవనం అయిపోగానే మాయమై, ఇంకో భవనం రాగానే మళ్లీ పుట్టేది. అత్తమ్మ మోచెయ్యి బయటపెట్టి, "అదిగోనమ్మాయ్, మనం వెళ్తున్నాం" అనేది. మేం ఇక్కడ ఆగితే అక్కడ వాళ్లూ ఆగేవాళ్లు. ఆ కారులో ఉన్నవాళ్లు మాకన్నా తీరికగా ఉన్నారని నాకు అనిపించేది.

ఆమెకు మిగతా కార్లేవీ పడవు. క్యాబ్ ఎక్కితే మొదటి మలుపులోనే ముఖం పాలిపోయేది, రెండో మలుపులో డ్రైవర్‌ను ఆపమని బతిమాలేది. "నాకు కారు పడదమ్మా" అని అందరికీ ముందే చెప్పేసేది. పడదు అనే మాట ఆమెకు ఊతపదం. వంకాయ పడదు, ఏసీ పడదు, మధ్యాహ్నం నిద్ర పడదు. పెళ్లయిన కొత్తలో నాకు ఈ లెక్క అర్థం కాక, నేనూ పడనేమోనని భయపడ్డాను. మాది బాచుపల్లి. అక్కడ అన్నీ ద్రాక్షతోటలున్న రోజుల్లో మా నాయనమ్మ తోట చూసుకునేది. ఆంధ్రా ఇంటికి కోడలిగా వెళ్తున్నానంటే మా చుట్టాలంతా, "అత్తాకోడండ్లకు పడుతదా?" అనే అడిగారు. చక్కగా పడింది. ఆమెకు అంబాసిడర్ పడింది, నేను పడ్డాను. ఆమె ఇల్లు దాటి లోకంలోకి వెళ్లే దారులు ఈ రెండే.

అలాంటి కారు పొగ తాగడం మొదలుపెట్టింది. నీలం పొగ. సైలెన్సర్ వెనక నడిచేవాళ్లు చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లు. ఆయిల్ ఎంత పోసినా చాలేది కాదు. బోరబండలో పాత కార్లు చూసే ఒక మెకానిక్ దగ్గరికి తోలించాం. మర్నాడు ఆయన ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు మీటింగులో ఉండి, ఇంటి నంబరుకు చేయమన్నాను. అత్తమ్మ ఎత్తింది.

"అమ్మా, బోర్ మొత్తం పోయింది. ఇగ చేసేదేం లేదు. కొత్తది ఏసుకోవాలె" అన్నాడట ఆయన.

ఇంజనులో పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టాన్ని మెకానిక్కులు బోర్ అంటారని ఆమెకేం తెలుసు? ఎండాకాలం. నిజాంపేట. బోర్ పోయిందన్న మాట ఎప్పుడు వినాల్సి వస్తుందోనని మేమందరం ఏడాది పొడుగునా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటాం. ఆమె ఉన్న బిందెలన్నీ నింపింది, బకెట్లు నింపింది, కుక్కర్లు నింపింది, చివరికి పెళ్లినాటి గంగాళం అటకమీంచి దింపించి అదీ నింపింది. తర్వాత వాచ్‌మన్‌కు చెప్పింది. వాచ్‌మన్ అపార్ట్‌మెంటంతా చెప్పాడు. అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పేసరికి ట్యాంకు ఖాళీ అయింది, ట్యాంకు ఖాళీ అయింది కాబట్టి బోర్ నిజంగానే పోయిందని రూఢి అయింది. సాయంత్రం నేను వచ్చేసరికి గేటు ముందు నీళ్ల ట్యాంకర్ నిలబడి ఉంది. జరిగింది తెలిశాక ఎవరూ మమ్మల్ని తిట్టలేదు కానీ, లిఫ్టులో కనిపించినప్పుడల్లా "ఏమండీ, బోర్ ఎలా ఉంది?" అని పలకరించడం మాత్రం చాలా రోజులు మానలేదు.

నవ్వులయ్యాక అసలు బాధ మొదలైంది. "ఇచ్చేద్దాంలే. ఎన్నాళ్లని సాకుతాం?" అన్నాడు మా ఆయన. తండ్రి కారని అతనికి ప్రేమ లేక కాదు. వర్క్‌షాపు చుట్టూ తిరగడమంటే అతనికి బద్ధకం. నాకు ఒళ్లు మండింది. "ఇచ్చేస్తే అత్తమ్మ ఏం జేస్తది? బాల్కనీల కూసొని బట్టలు లెక్కపెడ్తదా?" అన్నాను. కోపమొస్తే నా నోటికి బాచుపల్లి వచ్చేస్తుంది. అత్తమ్మ వంటింట్లోంచి, "నా కోసమైతే వద్దమ్మా. నాకిప్పుడు వెళ్లాల్సిన చోట్లేం ఉన్నాయి గనక" అంది. ఆ మాట చాలా మామూలుగా అంది. అంత మామూలుగా అన్నందుకే నేను పట్టుబట్టాను.

కారు ఆగిన దగ్గర్నుంచి ఆమె ఇల్లు కదల్లేదు. మొదటి ఆదివారం అలవాటుకొద్దీ ఉతికిన చీర కట్టుకుని, జడ వేసుకుని, తర్వాత గుర్తొచ్చి నవ్వుకుంది. ఆ తర్వాతి ఆదివారాలు చీర మార్చడం మానేసింది. బాల్కనీలో కుర్చీ వేసుకుని ఎదుటి హాస్టల్ గోడ చూస్తూ కూర్చునేది. ఆ గోడ మీద ఐఐటీ కోచింగ్ బోర్డు తప్ప ఏమీ లేదు. ఏం చూస్తున్నావని అడిగితే "ఏమీ లేదమ్మా, ఊరికే" అనేది. మనిషి నా కళ్ల ముందే చిన్నదైపోతున్నట్టు ఉండేది. నాకు భయమేసింది. ఆమెను మళ్లీ ఆ కిటికీ పక్కన కూర్చోబెట్టాలి, నాకు అంతకన్నా వేరే ఆలోచన లేదు.

పాత ఇంజనును మళ్లీ బోర్ కొట్టించినా లాభం లేదన్నాడు మెకానిక్. ఇప్పటి వ్యాన్లలో వచ్చే ఇంజనొకటి దొరుకుతుంది, పాతదానికన్నా చిన్నది, కానీ బలం ఎక్కువ, పొగ లేదు, చప్పుడు లేదు, అది కూర్చోబెడదామన్నాడు. నడివయసు మనిషి. గొంతు పెద్దది, మాటలు ఇంకా పెద్దవి. "ఫికర్ జేయకుండ్రి మేడమ్. పెండ్లిపిల్ల లెక్క చేసిస్త. రేపు రాండ్రి" అనేవాడు. ఆయన రేపు ఎప్పుడూ రేపే. పాత సాఫ్ట్‌వేర్లను కొత్త సర్వర్ల మీదకు మార్చడమే నా ఉద్యోగం కాబట్టి ఈ రేపుల గురించి నాకు బాగానే తెలుసు. ఆర్‌టీఓ ఆఫీసు పర్మిషన్ కోసం నేనే సెలవు పెట్టి తిరిగాను.

శనివారం మధ్యాహ్నాలు ఆ షెడ్డుకు వెళ్లి కూర్చోవడం నాకు అలవాటైపోయింది. వెనకే రైలు పట్టాలు. రైలు వెళ్తుంటే గోడకు తగిలించిన స్పానర్లన్నీ సన్నగా గలగలమనేవి. ఒక మధ్యాహ్నం పాత ఇంజనును చైన్ పుల్లీకి కట్టి పైకి లేపారు. అది గాల్లో మెల్లగా ఇటు తిరిగి, అటు తిరిగి, ఎటూ తేల్చుకోలేక ఆగింది. నేను లేచి బానెట్ లోపలికి తొంగి చూశాను. ఏమీ లేదు. కారు లోపలినుంచి నేల కనిపించింది. ఆ నేల మీద ఎండ, ఎండలో ఒక గడ్డిపోచ, దాని పక్కన తీరిగ్గా గింజలేరుకుంటున్న కోడి. ఇన్నాళ్లూ మమ్మల్ని మోసిన చోట ఇంత ఖాళీ ఉందా అనుకుంటూ చాలాసేపు చూశాను. కోడి తల ఎత్తి నన్ను చూసింది, మళ్లీ గింజల మీద పడింది. రైలు పోయాక కూడా నాకు ఆ గలగల వినిపిస్తూనే ఉంది.

కొత్త ఇంజనుతోపాటు కొత్త గేరు వచ్చింది. అది స్టీరింగ్ పక్కనుంచి కాదు, నేల మీదనుంచి లేస్తుంది. అందువల్ల మధ్యలో చోటు పోతుంది. "సోఫా గిట్ల ఉంచితె గేరెట్ల పడ్తది మేడమ్? దీన్ని కోసేసి రెండు కుర్చీలేస్త. మస్తుంటది" అన్నాడు మెకానిక్. సరేనన్నాను. ముందు ఇద్దరమే పట్టినా, వెనక బోలెడు చోటుంది కదా అనుకున్నాను. ఆ సమయంలో ఇంజను స్టార్టవడం ఒక్కటే నా బుర్రలో ఉంది.

స్టార్టయింది. నమ్మలేనంత నెమ్మదిగా. తాళం తిప్పాక నేను, "ఏది, స్టార్ట్ చెయ్యి" అన్నాను. "అయింది మేడమ్" అన్నాడు. బానెట్ మీద చెయ్యి పెడితే పడుకున్న పిల్లి కడుపు మీద పెట్టినట్టు సన్నటి వణుకు. నాకు సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. మెకానిక్ అది చూసి, "అరే, ఏడుస్తరేంది మేడమ్, పరేషాన్ గాకుండ్రి, మంచిగనే ఉంది" అని కంగారుపడ్డాడు.

ఆదివారం కారును పూజకు గుడి దగ్గరికి తీసుకెళ్లాం. గుడి మా వీధి చివరే, అత్తమ్మ నడిచే వచ్చింది. పూజారి హారతి పళ్లెం పట్టుకుని బయటికి వచ్చి, "కొత్త బండా అమ్మా, పాత బండా?" అని అడిగాడు.  "ఇంజను కొత్తదండీ, బండి పాతది" అన్నాడు మా ఆయన. పూజారి కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. ఆయనకు వేరే పెళ్లి ముహూర్తం ఉన్నట్టుంది, తొందరలో ఉన్నాడు. నేను, "కొత్తదనే అనుకోండి పంతులుగారూ" అన్నాను, గర్వంగానే అన్నాను. ఇక కొత్త బండికి చేసేవన్నీ చేశాడు. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, కుంకుమ బొట్లు, దండ, చక్రాల కింద నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టేటప్పుడు చూస్తే అత్తమ్మ మా పక్కన లేదు. చెప్పులు విడిచే చోట, వేపచెట్టు నీడలో నిలబడి ఉంది. ఎండకు అటు వెళ్లిందనుకున్నాను.

"ఎక్కమ్మా" అన్నాడు మా ఆయన. ఆమె నేరుగా వెళ్లి వెనక తలుపు తీసుకుంది. "ఆ, అక్కడే కూర్చో, ఫ్రీగా ఉంటుంది" అన్నాడు అతను. నేను ముందు ఎక్కాను. నిమ్మకాయలు చితికాయి. కారు నీళ్ల మీద వెళ్తున్నట్టు వెళ్లింది. కూకట్‌పల్లి దాటకముందే వెనకనుంచి, "అబ్బాయ్, కాస్త ఆపు" అని వినిపించింది.

రోడ్డు పక్కన ఆమె వీపు రాస్తూ నేను నిలబడ్డాను. నోరు పుక్కిలించి, కొంగుతో తుడుచుకుని, ఆమె నావైపు చూసి నవ్వడానికి ప్రయత్నించింది. "ఈ ఇంజను నాకు పడలేదమ్మా. నువ్వేం బాధపడకు. ఇంత చేశావు. పోనీలే" అంది. నాకు అక్కడే రోడ్డు మీద కూర్చుని ఏడవాలనిపించింది. కొన్ని నెలల నా పట్టుదల, ఆ తిరుగుళ్లు, ఆ శనివారాలు, అన్నీ కలిసి ఆమెకు ఇంకో క్యాబ్ తయారుచేసి పెట్టాయన్నమాట.

ఊరుకునే మనిషిని కాను నేను. మర్నాడే మెకానిక్ మీద పడ్డాను. ఇంజను మా అత్తమ్మకు పడట్లేదన్నాను. ఆయన తల గోక్కున్నాడు. "ఇంజన్ పెద్దమ్మకు పడకపోవుడేంది మేడమ్? ఇంజన్ ఏమన్న వంకాయనా?" అన్నాడు. అయినా మంచి మనిషి. వణుకు ఎక్కువైందేమోనని ఇంజను కింద రబ్బర్లు మార్చాడు. వణుకు మరీ తక్కువైందేమోనని వాటినే మళ్లీ తీసి పాతవి వేశాడు. పెట్రోల్ వాసనేమోనని పైపులన్నీ చూశాడు. ఒక వారం, కొత్త సైలెన్సర్ తీసేసి, గుడగుడమనే పాతదాన్నే అతికించి, "ఇప్పుడు సేమ్ టు సేమ్ మీ మామ కారే" అన్నాడు. అదీ కుదరక మరుసటి వారం మళ్లీ కొత్తదే బిగించాడు. మార్చిన ప్రతిసారీ నేను అత్తమ్మను బతిమాలి ఎక్కించేదాన్ని. ఆమె ప్రతిసారీ వెనక ఎక్కేది, ప్రతిసారీ మధ్యలో దిగేది. చివరికి "నన్నొదిలెయ్యమ్మా. మీరిద్దరూ వెళ్లి రండి" అని బాల్కనీలోకి వెళ్లి కూర్చుంది. ఐఐటీ బోర్డు వైపు తిరిగి కూర్చుంది. ఈసారి ఊరికే చూస్తున్నానని కూడా అనలేదు.

మెకానిక్ ఇంకా ఓడిపోలేదు. కొత్త ఇంజనుకు పెట్రోల్ తోడిచ్చే పంపు వెనక ఉంటుంది, అది సన్నగా రొద చేస్తోంది, ముసలామెకు తల తిప్పేది ఆ రొదేనని తేల్చాడు. పంపు సర్దడానికి వెనక సీటు మొత్తం ఊడబీకాడు. సాయంత్రం షెడ్డు కట్టేసే వేళకు పని అవలేదు. సీటు షెడ్డులోనే ఉంచేసి, "ఇట్లనే తీస్కపోండ్రి మేడమ్. సీటు మళ్లొచ్చి వేస్త" అన్నాడు. అలా కారు వెనక సీటు లేకుండా ఇంటికి వచ్చింది.

ఆ వారమే ఒక పొద్దున అత్తమ్మకు పంటినొప్పి వచ్చింది. బుగ్గ వాచిపోయింది. మా ఆయన ఆఫీసుకు వెళ్లిపోయాడు. నేను ఇంటినుంచే పనిచేస్తున్నాను. క్యాబ్ పిలుస్తానంటే ఆమె నొప్పిలోనూ తల అడ్డంగా ఊపింది. ల్యాప్‌టాప్ మూసి, తాళం తీసుకుని, ఆమెను కిందికి తీసుకెళ్లాను. ఆమె వెనక తలుపు తీసింది. లోపల ఉత్త రేకు, రెండు వైర్లు. ఒక క్షణం నిలబడి, తలుపు వేసి, ముందుకు వచ్చి నా పక్కన కూర్చుంది.

డెంటిస్టు దగ్గరికి వెళ్లాం. ఒక్కచోట కూడా ఆపమనలేదు. పన్ను సంగతి చూసుకుని, బుగ్గలో దూది పెట్టుకుని బయటికి వచ్చాక, మాట సరిగా రాక, చేత్తో అటువైపు చూపించింది. "హైటెక్ సిటీకా?" అన్నాను. తల ఊపింది. ఆఫీసు వేళ దాటిపోయింది, రోడ్లు తెరిపిన పడ్డాయి. సన్నగా మబ్బు పట్టింది. అద్దాలన్నీ ఒకే బూడిద రంగులోకి దిగి, ఆకాశం ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉంది. దుర్గం చెరువు వంతెన మీదికి వచ్చేసరికి చినుకులు పడ్డాయి. నేను వైపర్లు వేయలేదు. ఎవరూ హారన్ కొట్టలేదు. ఇంజను ఉందో లేదో తెలియలేదు. మమ్మల్ని ఎవరో నిద్రలో ఎత్తుకుని తీసుకెళ్తున్నట్టు వెళ్లాం. పక్కకు చూస్తే అత్తమ్మ వాచిన బుగ్గతో, తడిసిన మోచేత్తో, పూర్తిగా కళ్లు తెరుచుకుని దారి చూస్తోంది. ఆమె ముఖం అంత తేటగా ఉండడం ఎన్నాళ్లకో చూశాను.

ఇంటికి రాగానే మెకానిక్‌కు ఫోన్ చేసి అరిచాను. "పడ్డది భాయ్! ఇంజన్ పడ్డది!"

"నేను చెప్పలేదా మేడమ్? పంపే. పంపుదే కథంత" అన్నాడు ఆయన. ఆ శనివారమే వెనక సీటు తెచ్చి తనే పెట్టి వెళ్లాడు. సమయం చాలక బోల్టులు బిగించలేదు, రేపు వచ్చి బిగిస్తానన్నాడు.

ఆదివారం నేను ముందే లేచాను. అత్తమ్మ ఉతికిన చీర కట్టుకుంది. ముగ్గురం పార్కింగులోకి దిగాం. మా ఆయన స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. అత్తమ్మ మళ్లీ వెనక తలుపు తీసింది.

"అటెందుకు అత్తమ్మా? ముందు కూసోండి. నేను వెనక కూసుంట" అన్నాను.

"వద్దమ్మాయ్. నువ్వు ముందు కూర్చో. నాకు ఇక్కడ బావుంటుంది."

"ఏం బాగుంటది? మొన్న ముందు కూసుంటే ఏమన్న అయిందా? వెనక కూసున్నప్పుడే మీకు కడుపుల తిప్పుతున్నది. ఇంజన్ మంచిదే, మీకు వెనక సీటే పడ్తలేదు."

ఆ మాట అన్నాకే నాకు అర్థమైంది. ఎన్నాళ్లనుంచో క్యాబుల్లో ఆమెను ఎక్కించింది వెనకే. ముందు డ్రైవర్ పక్కన కొడుకు, వెనక ఆడవాళ్లం. అంబాసిడర్‌లో తప్ప ఆమె ఎప్పుడూ ముందు కూర్చోలేదు. ఆమె మాత్రం ఆశ్చర్యపోలేదు. ఆమెకు ఎప్పుడో తెలుసు.

"తెలుసమ్మా. వెనక కూర్చుంటే దారి కనపడదు కదా, అందుకే తిప్పుతుంది" అంది.

"మరి?"

ఆమె కొడుకు వైపు చూసింది. గొంతు తగ్గించింది. "పూజ చేయించిన కొత్త బండి కదమ్మా. ఆదివారం పూట ముగ్గురం కలిసి సంతోషంగా బయల్దేరుతున్నాం. ఆయన పోయినదాన్ని, నేను ముందు కూర్చుని బయల్దేరితే బావుంటుందా? ఏదైనా అయితే? పాత సీటు సంగతి వేరు. అది ఆయన ఉండగా కూర్చున్న సీటు."

 ఆమెకు ఈ మాట మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లెవరూ లేరు కూడా. మేం కోసేసిన సోఫాతో పాటు ఆమెకున్న ఒకే ఒక్క ముందు సీటు పోయింది, దాని స్థానంలో వచ్చిన కుర్చీ తనది కాదని ఆమె అనుకుంది. కడుపులో తిప్పినా, వాంతులైనా, బాల్కనీలో గోడ చూస్తూ కూర్చున్నా, అడగకూడదనుకుంది. నాకు పట్టలేనంత కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియదు. ఆ పూజారి మీద, కొత్తదనే అనుకోండి అన్న నా గర్వం మీద, ఏమీ తోచక తాళం తిప్పుతూ కూర్చున్న మా ఆయన మీద. మా నాయనమ్మకు పాతికేళ్లు నిండకముందే తాత పోయాడు. ద్రాక్ష బుట్టలేసుకుని బండి బయల్దేరితే అందరికన్నా ముందు కూర్చుని ఎడ్లను అదిలించేది ఆమే. ఆ పంట తిని పెరిగిన మాకు ఏమీ కాలేదు.

"మరి దవాఖానకు పోయిన్నాడు ముందే కూసున్నరు గదా?" అన్నాను. నా గొంతు పెద్దదైంది. "ఆ రోజు ఏమైంది? పన్ను నొప్పి తగ్గింది. ఇంకేమైంది?"

ఆమె నావైపు చూసి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "ఆ రోజు వెనక సీటు లేదు కదమ్మా."

 రెండు వెనక తలుపులూ బార్లా తీశాను. సీటు అంచు కింద చెయ్యి పెట్టి లాగాను. బోల్టులు లేవు కాబట్టి కిర్రుమని లేచింది. బరువుగా ఉంది, సగంలో తలుపుకు ఇరుక్కుంది. "ఏం చేస్తున్నావే?" అన్నాడు మా ఆయన. "పట్టు" అన్నాను. అతను నన్ను చూశాడు, వాళ్లమ్మను చూశాడు. దిగి వచ్చి అవతలి చివర పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి దాన్ని బయటికి లాగి, మా పార్కింగు గోడకు ఆనించి నిలబెట్టాం. తర్వాత వీపుకు ఆనే భాగం కూడా తెచ్చి దాని పక్కన పెట్టాం.  అత్తమ్మ "అయ్యో, అయ్యో, ఇదేం పనిరా" అంటూనే ఉంది, కానీ మమ్మల్ని ఆపలేదు.

మా ఆయన పైకి వెళ్లి బొంత తెచ్చాడు. వెనక రేకు మీద పరుచుకుని, కాళ్లు చాపుకుని, తాళం నా చేతికిచ్చాడు. "నువ్వు నడుపు. నాకిక్కడ బానే ఉంది" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతనిమీద నాకు అంత ప్రేమ కలిగిన సందర్భాలు ఎక్కువ లేవు.

నేను స్టీరింగ్ ముందు కూర్చుని ఎదురుచూశాను. అత్తమ్మ వెనక తలుపు దగ్గరే నిలబడి ఉంది. లోపల కొడుకు, బొంత, వైర్లు. కూర్చోవడానికి ఏమీ లేదు. ఆమె ఆ ఖాళీని చాలాసేపు చూసింది. ఎదుటి ఫ్లాటు వాళ్లు నడకకు వెళ్తూ మమ్మల్ని వింతగా చూసి వెళ్లారు. ఆమె తలుపు మూసింది. కొంగు సర్దుకుంది. ముందు తలుపు తీసి, తల వంచి, కుర్చీలో కూర్చుని, అద్దం పూర్తిగా దించింది.

గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి తొంగి చూశాడు. వెనక నేల మీద కూర్చున్న మా ఆయనను చూసి, "ఏంది సార్, వెనక సీటేది?" అన్నాడు. మా ఆయన నావైపు చూశాడు. 

అత్తమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"తీసేశాం బాబూ" అంది. "గేటు తియ్యి."